మీరడగండి: తలకు దెబ్బ తగిలాక ఎవరి దగ్గరికి పోవాలి?

ఈ నెల తలకు దెబ్బ తగిలిన వాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలే తీసుకున్నాను. 44వ నంబరు జాతీయ రహదారి కర్నూలు, డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పోతుంది కాబట్టి మా దగ్గరికి ఇలాంటి ఉత్తరం రాని నెలే ఉండదు. పేర్లు వేయడం లేదు, ఊరు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా ఆయనకు 34 ఏండ్లు, బేల్దారి పని చేస్తాడు. నాలుగు నెలల కింద బండి మీద వస్తుంటే పడినాడు, హెల్మెట్ లేదు. తలకు ఆపరేషన్ చేసి కుడి పక్క ఎముక తీసినారు. 26 రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఆపరేషన్ చేసిన సార్ స్కాన్ చూసి అంతా బాగుంది అంటాడు. ఫిజియో ఆయన ఎడమ చెయ్యి వస్తుంది, కష్టపడాలి అంటాడు. కానీ మా ఆయన మునుపటి మనిషి కాదు. పిల్లలు గట్టిగా మాట్లాడితే మీదికి పోతాడు. పొద్దున తిన్నది సాయంత్రానికి గుర్తుండదు. నీళ్లు తాగితే దగ్గు వస్తుంది. ఫిట్స్ మాత్రలు ఒకరు వాడమంటే ఇంకొకరు ఇంకా ఎందుకమ్మా అన్నారు. కోపానికి వేరే చోట మాత్రలు రాయించుకుంటే అవి వేసుకుని పగలంతా పడుకుంటాడు, ఫిజియోకు లేవడు. మా అత్త గాలి సోకిందని దర్గాకు తీసుకుపోదాం అంటుంది. ఎవరి దగ్గరికి పోవాల్నో మీరే చెప్పండి. (ఒక సోదరి, డోన్)

జవాబు: తల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందు మీ అత్తగారి మాట. దర్గాకు పోవాలనిపిస్తే పోయి రండి, మనసుకు ధైర్యం వస్తుంది, నేను వద్దనను. మాత్రలు మాత్రం ఆపకండి, ఆయన్ని కట్టేయడం, కొట్టడం, మొహానికి పొగ వేయడం లాంటివి ఎవరినీ చేయనివ్వకండి. ఆ కోపం గాలి వల్ల వచ్చింది కాదు. నుదురు వెనకాల ఉండే మెదడు మన కోపానికి పగ్గం లాంటిది, నోటి దాకా వచ్చిన మాటను ఆపేది అదే. బండి మీది నుంచి పడినప్పుడు ఎక్కువగా నలిగేవి ఆ భాగమూ, చెవుల పక్కన ఉండే భాగమూ. జ్ఞాపకానికి ఆ రెండోది చాలా ముఖ్యం. మీ ఆయన కావాలని అరవడం లేదు, పగ్గం తెగింది. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడే ఎవరో ఒకరు మిమ్మల్ని కూర్చోబెట్టి ఈ మాట చెప్పి ఉండాల్సింది.

ఇప్పుడు మాత్రలు. ఫిట్స్ రాకుండా ఈ రోజుల్లో ఎక్కువగా రాసే మందు లెవెటిరాసెటమ్. మంచి మందే, నేనూ రాస్తాను, కానీ కొందరిలో అదే చిరాకునూ కోపాన్నీ పెంచుతుంది. మీరు మాత్ర పేరు రాయలేదు. ఒకవేళ అదే అయితే ఏం జరిగి ఉండొచ్చో చూడండి: ఒక డాక్టరు ఫిట్స్ కోసం మాత్ర రాశాడు, దాని వల్ల కోపం ఇంకొంచెం పెరిగింది, ఆ కోపాన్ని చూసి ఇంకో డాక్టరు నిద్ర తెచ్చే మాత్ర రాశాడు, ఆ మత్తులో ఫిజియో ఆగిపోయింది, ఫిజియో ఆగితే చెయ్యి బిగుసుకుంటుంది, చివరికి చీటీ మీద పేషెంటు సహకరించడం లేదని రాస్తారు. ఇందులో ఎవరూ తప్పు చేయలేదు. మీ ఆయన పనిలో చెప్పాలంటే ఇటుకలన్నీ మంచివే, మధ్యలో మాలు పెట్టినవాడు లేడు.

వాడాలా, ఆపాలా అని ఇద్దరు రెండు మాటలు చెప్పడానికి కూడా కారణం ఉంది. దెబ్బ తగిలిన మొదటి 7 రోజుల్లో ఫిట్స్ రాకుండా మందు ఇవ్వడం మామూలు పద్ధతి. ఆ తర్వాత కొనసాగించాలా వద్దా అనేది మనిషిని బట్టి ఉంటుంది, ఎముక తీసిన వాళ్లకు, మెదడు లోపల నెత్తురు గడ్డకట్టిన వాళ్లకు ఫిట్స్ వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి కొందరు డాక్టర్లు ఎక్కువ కాలం వాడమంటారు. కాబట్టి ఇద్దరి మాటకూ ఆధారం ఉంది, ఇద్దరూ ఫోన్లో రెండు నిమిషాలు మాట్లాడుకోలేదు, అంతే. మీ అంతట మీరు మాత్రం ఒక్క పూట కూడా ఆపకండి, ఉన్నట్టుండి ఆపితేనే ఫిట్స్ రావచ్చు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి పోయి, "సార్, ఈ మాత్ర వల్ల కోపం వస్తుందా, మార్చవచ్చా, కోపానికి రాసిన ఈ మాత్రతో కలిపి వాడొచ్చా" అని రెండు చీటీలూ ఒకేసారి ముందు పెట్టి అడగండి. విడివిడిగా కాదు, రెండూ ఒకేసారి.

నీళ్లు తాగితే దగ్గు రావడం, మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గానీ, ఈ ఉత్తరంలో ముందు చూడాల్సింది అదే. మింగడం దెబ్బతిన్న వాళ్లకు ముద్ద కంటే నీళ్లే కష్టం, ఎందుకంటే నీళ్లు సర్రున జారిపోతాయి, గొంతులో గాలిగొట్టం మీద మూత పడేలోపలే ఊపిరితిత్తుల వైపు పోతాయి, దాంతో న్యుమోనియా వస్తుంది. ఆపరేషన్ బాగా జరిగి ఇంటికి వచ్చిన మనుషులు దీంతోనే మళ్లీ ఐసీయూలో పడటం చూశాను. స్పీచ్ థెరపిస్టు అంటే మాటలు నేర్పేవాళ్లు మాత్రమే అనుకుంటారు, మింగడాన్ని పరీక్షించి ఏది ఎంత చిక్కగా ఇవ్వాలో చెప్పేది కూడా వాళ్లే. వాళ్లకు చూపించే దాకా నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం ఛాతీ వైపు వంచమని, చిక్కటి రాగి అంబలి లాంటిది చెంచాతో ఇవ్వండి. గ్లాసు ఎత్తి తాగించకండి. తిన్న అరగంట దాకా పడుకోబెట్టకండి. తిన్నాక గొంతు తడితడిగా గరగరమన్నా, జ్వరం వచ్చినా, ఆయాసం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి పొండి.

ఎముక ఎక్కడుందో అడిగారా? కొందరికి పొట్ట చర్మం కింద దాస్తారు, కొన్ని చోట్ల ఫ్రీజర్‌లో పెడతారు, అది పనికి రాకపోతే టైటానియం లాంటి దాంతో చేసింది పెడతారు. ఎందుకు అడుగుతున్నానంటే, ఎముక లేని చోట బాగా గుంట పడి, కూర్చున్నప్పుడు తలనొప్పి, చెయ్యి కాలు నీరసం, మాటలో మందకొడితనం ఎక్కువై, పడుకుంటే తగ్గుతుంటే అది వ్యాయామంతో పోయేది కాదు. ఎముక తిరిగి పెట్టాక చాలామందిలో తగ్గుతుంది. ఇది మొదట కంటికి కనబడేది రోజూ చూసే ఫిజియోకు, చేయాల్సింది మాత్రం సర్జన్, వాళ్లిద్దరూ కలవకపోతే ఆ చెయ్యి ఎందుకు రావడం లేదో ఎవరికీ అర్థం కాదు. అప్పటిదాకా ఆయన లేచి తిరిగేటప్పుడు తలకు ఏదైనా రక్షణ ఉండాలి. ఇంకొకటి, లేపేటప్పుడు ఎడమ చెయ్యి పట్టుకుని లాగకండి, బలం లేని భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి ఉంటుంది. వాసన తెలుస్తోందా అని కూడా ఒకసారి చూడండి, తలకు దెబ్బ తగిలాక వాసన పోయే వాళ్లు చాలామంది, గ్యాస్ లీకైనా తెలియదు.

సరే, ఎవరి దగ్గరికి పోవాలి అన్నారు. అందరి దగ్గరికీ పోవాలి, కానీ ఒక్కరిని పెద్దగా పెట్టుకోవాలి. ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ డాక్టరు అందుబాటులో ఉంటే ఆయనే ఆ పెద్ద, ఎందుకంటే దెబ్బ తర్వాత మనిషిని మళ్లీ రోజువారీ పనులకు తెచ్చేలా ఈ వైద్యాలన్నీ కలిపి చూడటమే వాళ్ల పని. లేకపోతే ఆపరేషన్ చేసిన న్యూరోసర్జన్‌నే అడగండి, ఆయనకు టైం లేకపోతే మీ మాట ఓపికగా వినే ఫిజీషియన్ అయినా సరే. కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో న్యూరోసర్జరీ, మానసిక వైద్యం, ఈఎన్‌టీ, ఫిజియో అన్నీ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి, ఒకే రోజు ఇద్దరు ముగ్గురికి చూపించేలా పెట్టుకోండి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో న్యూరో రిహాబిలిటేషన్‌కు విడిగా ఒక విభాగమే ఉంది, డోన్ నుంచి రైలు కూడా ఉంది, ఒక్కసారి పోయి రాగలిగితే జ్ఞాపకశక్తి పరీక్షలు కూడా చేయించుకోవచ్చు.

ఒక పెద్ద నోట్‌బుక్ కొనండి. మొదటి పేజీలో ఇప్పుడు వాడుతున్న ప్రతి మాత్ర పేరు, ఎవరు రాశారు, ఎప్పటి నుంచి. తర్వాత రోజుకో పేజీ: ఎంతసేపు నిద్రపోయాడు, ఎన్నిసార్లు దగ్గు వచ్చింది, కోపం ఎప్పుడు వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది. ఆ చివరిది జాగ్రత్తగా రాయండి. సాయంత్రం అలసిపోయినప్పుడో, టీవీ మోగుతూ పిల్లలు అరుస్తున్నప్పుడో వస్తున్నట్టు పది రోజుల్లో మీకే తెలిసిపోతుంది, అప్పుడు మాత్ర కంటే ముందు టీవీ ఆపితే సరిపోవచ్చు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఆ పుస్తకంలోనే రెండు లైన్లు రాయమని అడగండి. మొహమాటపడకండి.

మీ ఉత్తరంలో మీ గురించి ఒక్క ముక్క లేదమ్మా. రాత్రి మీరు నిద్రపోతున్నారా? పిల్లలను ఎవరు చూస్తున్నారు? ఆయన చెయ్యి ఎత్తిన రోజు పిల్లలను తీసుకుని పక్క ఇంటికి పోవడానికి ముందే ఎవరితోనైనా మాట్లాడి పెట్టుకోండి, అది ఆయన మీద కోపంతో చేసేది కాదు. టెన్షన్ భరించలేనప్పుడు టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416 ఉంది, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా నాయనకు 71 ఏండ్లు. నెల కింద బాత్రూంలో జారి తలకు కొట్టుకుంది, అప్పుడు ఏమీ కాలేదు. గుండెకు రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నాడు. వారం నుంచి మందంగా ఉన్నాడు, కుడి కాలు ఈడ్చి నడుస్తున్నాడు. వయసు మీద పడిందని అనుకోవాలా? (ప్రొద్దుటూరు)

జవాబు: అనుకోకూడదు. పత్రిక మీ చేతికి వచ్చేదాకా ఆగకూడదని మీకు అదే రోజు విడిగా చెప్పాం, మిగతా వాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నా. వయసు పైబడితే మెదడు కొంచెం కుంచించుకుపోతుంది, దాన్నీ పుర్రెనూ కలిపే సన్నటి రక్తనాళాలు సాగి ఉంటాయి, చిన్న దెబ్బకే తెగి నెత్తురు వారాల తరబడి మెల్లగా చేరుతుంది. సీటీ స్కాన్ తీస్తే కనబడుతుంది. పుర్రెకు చిన్న రంధ్రం పెట్టి ఆ నెత్తురు తీసేస్తే చాలామంది మళ్లీ నడుస్తారు. పల్చబడే మాత్ర ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అన్నది మాత్రం గుండె డాక్టరూ మెదడు డాక్టరూ కలిసి తేల్చాల్సిన మాట, ఆపమని ఒకరు చెప్పి, మొదలుపెట్టమని ఇంకొకరు చెప్పడం మరిచిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ప్రశ్న: నేను అనంతపురం జిల్లాలో స్టాఫ్ నర్సును. మా దగ్గర తలకు దెబ్బ తగిలిన కేసులు రోజూ వస్తాయి. సర్జన్లు ఉన్నారు, ఫిజియో ఉన్నాడు, డైటీషియన్ ఉంది, సైకియాట్రీ కూడా ఉంది. అందరూ మంచివాళ్లే. కానీ ఎవరు ఎప్పుడు వచ్చిపోతారో ఇంకొకరికి తెలియదు. పేషెంటు తరఫువాళ్లు అన్ని ప్రశ్నలూ నన్నే అడుగుతారు. కొత్తగా డబ్బు గానీ మనుషులు గానీ రారు. ఉన్నవాళ్లతో ఏమైనా చేయొచ్చా? (ఒక సిస్టర్, అనంతపురం)

జవాబు: చేయొచ్చు సిస్టర్. మొదలుపెట్టాల్సింది కూడా మీలాంటి వాళ్లే, ఎందుకంటే ఆ మంచం దగ్గర 24 గంటలూ ఉండేది నర్సులే.

ముందు నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కింద నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో 19 ఏళ్ల కుర్రాడు ఉండేవాడు. సర్జన్ బాగా చేశాడు, ఫిజియో బాగా చేయించాడు, నేను నా వంతు రాశాను, గంటగంటకూ చార్టులు నింపాం, మనిషిని ఇంటికి పంపాం. ఆరు వారాలకు తిరిగి తెచ్చారు. నడుము కింద ఎముక కనబడేంత పుండు. వాళ్లింట్లో ఉన్నది నులక మంచం. నడిమికి దిగబడిన నులక మంచంలో కదల్లేని పిల్లవాడిని పడుకోబెట్టారు, అమ్మ రోజూ ఒళ్లు తుడుస్తూనే ఉంది, పక్కకు తిప్పాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఫిజియో చెప్పి ఉంటాడని నేను అనుకున్నాను. నర్సు చెప్పి ఉంటుందని ఫిజియో అనుకున్నాడు. ఆ పుండు మానడానికి పట్టిన కాలం ఆ పిల్లవాడు నడక నేర్చుకోవాల్సిన కాలం. ఇప్పటికీ నేను ఎవరిని ఇంటికి పంపుతున్నా మొదట అడిగేది, ఇంట్లో ఎక్కడ పడుకుంటాడు అని.

అందుకే నేను కోరేది వారానికి ఒక్క అరగంట. గది అక్కర్లేదు, వార్డులోనే, మంచం దగ్గరే నిలబడి. సర్జన్ థియేటర్‌కు పోకముందు ఏ టైం కుదిరితే ఆ టైం, ఏ రోజు అనేది మాత్రం మారకూడదు. పెద్ద సార్ రాకపోతే పీజీనో, డ్యూటీ డాక్టరో రావాలి, కానీ ఎవరో ఒకరు తప్పకుండా ఉండాలి. ఒక్కో పేషెంటుకు ఐదు నిమిషాలు. ఈ వారం ఏం మారింది, వచ్చే వారానికి ఏం కావాలి, అది ఎవరి పని. లక్ష్యాన్ని వైద్యం మాటల్లో కాకుండా బతుకు మాటల్లో రాయండి. "కండరాల బలం మెరుగుపరచాలి" అని రాస్తే ఎవరి పనీ కాకుండా పోతుంది. "శుక్రవారానికి మంచం అంచున ఆసరా లేకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి" అని రాస్తే సర్జన్‌కు, ఫిజియోకు, మీకు, వాళ్ల అమ్మకు కూడా అర్థమవుతుంది, శుక్రవారం నాడు అయిందో లేదో తెలుస్తుంది.

అందరికీ అర్థమయ్యే మాట గురించి చెప్తున్నాను కాబట్టి, మీరు రోజూ రాసే జీసీఎస్ (పేషెంటుకు ఎంత స్పృహ ఉందో చెప్పే అంకె) కూడా అందుకోసం పుట్టిందే. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు డాక్టర్లు దాన్ని తయారుచేశారు, ఎవరు చూసినా ఒకే మాటలో చెప్పగలగాలని. 3 నుంచి 15 దాకా లెక్క. మన దగ్గర చాలాచోట్ల మొత్తం అంకె ఒక్కటే రాసి వదిలేస్తారు. 9 అంటే కళ్లు తెరిచినా మాట్లాడలేని మనిషీ కావచ్చు, చెయ్యి కదపలేని మనిషీ కావచ్చు. కళ్లు, మాట, కదలిక మూడూ విడివిడిగా రాయించండి. గొంతుకు రంధ్రం చేసి పైపు (ట్రకియాస్టమీ) పెట్టి ఉంటే మాటకు అంకె వేయకుండా పైపు ఉందని రాయండి. రాత్రి డ్యూటీ సిస్టర్ పొద్దున సిస్టర్‌కు అప్పగించేటప్పుడు ఇద్దరూ కలిసి చూసి రాస్తే ఇంకా మంచిది.

స్పీచ్ థెరపిస్టు లేరని మీరు రాయలేదు గానీ జాబితాలో కనబడలేదు. మీ ఈఎన్‌టీ విభాగంలోనో, పిల్లల కోసం పెట్టిన డీఈఐసీ కేంద్రంలోనో ఎవరైనా ఉన్నారేమో కనుక్కోండి, వారానికి ఒక్కసారి వచ్చినా మేలే, మీకు మంచం దగ్గర మింగడం ఎలా చూడాలో నేర్పించి పోతారు. ముక్కు పైపు తీసి మొదటి ముద్ద పెట్టేముందు ఆ పరీక్ష కాకుండా ఎవరికీ నోటి నుంచి ఇవ్వకూడదని ఒక్క నియమం పెట్టుకోండి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం మీకు చెప్పక్కర్లేదు, కానీ తిప్పేటప్పుడు తరఫువాళ్లను పక్కన నిలబెట్టుకుని వాళ్ల చేత తిప్పించండి. పంపే రోజు గంటసేపు చెప్పినా వాళ్లకు ఎక్కదు, ఆ రోజు వాళ్ల మనసు బిల్లు మీదా ఆటో మీదా ఉంటుంది. వారం ముందు నుంచే మీ కళ్ల ముందు వాళ్లు చేయాలి: తిప్పడం, పైపులో పాలు పోయడం, ట్రకియాస్టమీ ఉంటే కఫం తీయడం.

పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంతో పాటు తెలుగులో ఒక పేజీ ఇవ్వండి. ఏ మాత్ర ఎందుకు, ఎప్పటిదాకా, ఎముక ఎక్కడుంది, ఎప్పుడు పెడతారు, ఏం జరిగితే వెంటనే రావాలి, ఎవరికి ఫోన్ చేయాలి. వారం తర్వాత మీలో ఒకరు ఫోన్ చేయండి. ఇది మీకు అదనపు పని అని నాకు తెలుసు, ఆ ఫోన్ కాల్స్‌కు టైం ఇవ్వమని మీ సూపరింటెండెంట్ గారిని నర్సులందరూ కలిసి అడగాలి, ఒక్క సిస్టర్ మంచితనం మీద నడిచే పద్ధతి ఆమె బదిలీ అయిన రోజు ఆగిపోతుంది. మీటింగులో సర్జన్ మాట మాత్రమే చెల్లుతుందేమో అని మీకు భయం ఉండొచ్చు. మొదటి నెల అలాగే ఉంటుంది. మీరు రాసిపెట్టిన కాగితం చూసి ఆయనే "సిస్టర్, ఈయన రాత్రి ఎలా ఉన్నాడు" అని అడిగే రోజు వస్తుంది, నేను పనిచేసిన చోట వచ్చింది.

ప్రశ్న: మా తమ్ముడికి రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఐదు నెలలు. నడుస్తాడు, తింటాడు. కానీ దుకాణంలో లెక్క రాదు, చిల్లర తప్పు ఇస్తాడు, ఒక్కడిని వదిలితే దారి తప్పుతాడు. వికలాంగుల సర్టిఫికెట్ కోసం పోతే చేతులు కాళ్లు చూసి బాగానే ఉన్నాడు కదా అన్నారు. నష్టపరిహారం సంగతి కూడా తెలియదు. (ఆదోని)

జవాబు: నష్టపరిహారం ముందు, ఎందుకంటే దానికి గడువు ఉంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల లోపల ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. మీకు నెల కూడా మిగల్లేదు, ఈ వారమే లాయరును కలవండి. ఎఫ్ఐఆర్, డిశ్చార్జి కాగితం, స్కాన్లు, మందుల బిల్లులు తీసుకుపోండి, అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకుండా జిరాక్సులే ఇవ్వండి. గుద్దిన బండి ఏదో తెలియకపోతే తీవ్ర గాయానికి 50,000 రూపాయలు ఇచ్చే పథకం వేరే ఉంది, అది కూడా లాయరును అడగండి. మిగతా పాఠకుల కోసం ఇంకో మాట: 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి 7 రోజుల్లో 1,50,000 రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం చేసే కేంద్ర పథకం ఉంది, ఆసుపత్రిలో చేరిన రోజే అడగాలి.

సర్టిఫికెట్ దగ్గర జరిగింది నాకు బాధగా ఉంది గానీ ఆశ్చర్యంగా లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలు ఉన్నాయి, తలకు దెబ్బ అని విడిగా ఒక పేరు లేదు. కాబట్టి కాళ్లు చేతులు చూసే డాక్టరు ముందుకు పోతే ఆయనకు లోపం కనబడదు. మీ తమ్ముడి లోపం జ్ఞాపకంలో, లెక్కలో, తెలివిగా ఒక నిర్ణయం తీసుకోవడంలో ఉంది. దాన్ని పరీక్షించేది సైకాలజిస్టు, రాసేది మానసిక వైద్యుడు లేదా న్యూరాలజిస్టు, మాటలో తేడా ఉంటే స్పీచ్ థెరపిస్టు కాగితం కూడా కావాలి. ముందు ఈ రిపోర్టులు చేయించుకుని, ఆ తర్వాత మళ్లీ స్లాట్ బుక్ చేసుకోండి. 40 శాతం, ఆ పైన వస్తే పింఛనుకు అర్హత వస్తుంది, మన రాష్ట్రంలో అది ఇప్పుడు నెలకు 6,000 రూపాయలు.

పోయేటప్పుడు ఆయన్ని ఒక్కడినే లోపలికి పంపకండి. ఎలా ఉన్నావు అని అడిగితే "బాగున్నా సార్" అంటాడు. అది అబద్ధం కాదు, ఇలాంటి దెబ్బ తగిలిన చాలామందికి తమ లోపం తమకే తెలియదు. దుకాణంలో చిల్లర తప్పు ఇచ్చిన రోజులు, దారి తప్పిన రోజులు తేదీలతో సహా రాసి పెట్టుకుని, రోజూ ఆయన పక్కన ఉండే మనిషి కూడా లోపలికి పోవాలి. డోన్ సోదరికి చెప్పిన ఆ నోట్‌బుక్ మీరు కూడా ఇవాళే మొదలుపెట్టండి.